అంచు దిగినవారికి కనిపించే గ్రాండ్ క్యానియన్

అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి గ్రాండ్ క్యానియన్ వైపు కారులో వెళ్తున్నంతసేపూ ఎడారి జాడ దాదాపుగా కనిపించదు. మొదట శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల పాదాల దగ్గర పాండెరోసా పైన్ అడవి, ఆ తర్వాత కొంత దూరం గడ్డి మైదానం, లోయ దగ్గరపడుతున్నకొద్దీ మళ్లీ అడవి. అక్టోబరు నెల కావడంతో కొండవాలున ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. ఎడారి లోయను చూద్దామని బయలుదేరిన నాకూ నా భార్యకూ ఆ పచ్చదనం వింతగానే తోచింది. దీనికి కారణం ఎత్తు. లోయ దక్షిణపు అంచు అయిన సౌత్ రిమ్ సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తున చలికాలంలో మంచు కురుస్తుంది, వర్షం లోయ అడుగున కంటే ఎక్కువగా పడుతుంది, చెట్లు బతుకుతాయి. అసలైన ఎడారి లోయ లోపల ఉంది, దాన్ని చేరుకోవాలంటే దిగి వెళ్లాలి. ఈ సంగతి ముందుగా గ్రహించడం వల్లనే, అంచు మీది వీక్షణస్థలాలను చుట్టివచ్చి ఊరుకోకుండా, సమయంలో ఎక్కువ భాగాన్ని నడకకు కేటాయించాలని మేము నిర్ణయించుకున్నాము.

మేము లోయను మొదట చూసింది సౌత్ రిమ్ మీది మేథర్ పాయింట్ నుంచి. లోయ పొడవు నది వెంబడి 446 కిలోమీటర్లనీ, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వరకూ ఉంటుందనీ, లోతు ఒక మైలుకు మించుతుందనీ ముందే చదివి ఉన్నా, అక్కడ నిలబడినప్పుడు ఆ అంకెలు కంటికి సాయపడవు. కొలతగా పెట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి గానీ, ఇల్లు గానీ కనిపించదు. కనిపించే చుక్కలు పొదలో పెద్ద చెట్లో తేల్చుకోలేము. 1540లో గార్సియా లోపెజ్ దె కార్దెనాస్ నాయకత్వంలో ఇక్కడికి వచ్చిన స్పెయిన్ దేశస్థులకు ఎదురైన సమస్య కూడా ఇదే. ఇక్కడి ఆదివాసులైన హోపి జాతివారు దారి చూపగా అంచుకు చేరిన ఆ బృందానికి కింద పారే నది చిన్న వాగులా కనిపించింది. వారిలో ముగ్గురు చురుకైనవారు నది దగ్గరకు దిగబోయి, మూడోవంతు దూరం మాత్రమే వెళ్లగలిగి తిరిగి వచ్చారు. పైనుంచి మనిషి ఎత్తున కనిపించిన బండలు నిజానికి సెవిల్ నగరంలోని పెద్ద గోపురం కంటే ఎత్తైనవని వారు చెప్పినట్టు ఆనాటి వృత్తాంతంలో ఉంది. ఈ లోయలో కన్ను చెప్పేదాన్ని కాళ్లు సరిచూడాలి. దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా ఇందులో మార్పేమీ లేదు.

అయితే దిగే ముందు లోయ గోడను చదవడం కొంతైనా తెలిసి ఉంటే నడకకు అర్థం పెరుగుతుంది. అందుకు యావపాయ్ పాయింట్ వద్ద ఉన్న భూగర్భశాస్త్ర మ్యూజియం మంచి చోటు. 1928 నాటి ఆ చిన్న రాతి భవనంలోని పెద్ద కిటికీల ముందు నిలబడి, పక్కనున్న పటంతో పోల్చుకుంటూ ఎదుటి గోడలోని ఒక్కొక్క పొరనూ గుర్తుపట్టవచ్చు. అక్కడి నుంచే ట్రైల్ ఆఫ్ టైమ్ అనే కాలిబాట మొదలవుతుంది. అంచు వెంబడి చదునుగా సాగే ఈ బాటలో ఒక్కొక్క మీటరు పది లక్షల సంవత్సరాలకు గుర్తు. నేలలో లోహపు బిళ్లలు పొదిగి, లోయలోని శిలల నమూనాలను వాటి వయసుకు తగిన చోట బాట పక్కనే నిలిపారు. వాటిని చేత్తో తాకి చూడవచ్చు. కాలాన్ని పాదాలతో కొలిపించే ఈ ఏర్పాటును ఆలోచించినవారి పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆ బాట మీద నన్ను ఆశ్చర్యపరిచిన విషయాలు రెండు. కొలరాడో నది ఈ లోయను నేటి రూపంలో తొలవడం మొదలుపెట్టి 50, 60 లక్షల సంవత్సరాలు అయిందని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది భావిస్తారు. బాట మీద అది మొదటి ఐదారు మీటర్లలోనే అయిపోతుంది. అంటే లోయ వయసు వేరు, రాళ్ల వయసు వేరు. మనం నిలబడిన అంచు రాయి, అనగా కైబాబ్ సున్నపురాయి, 27 కోట్ల సంవత్సరాల నాటిది కనుక దాని నమూనా 270వ మీటరు దగ్గర ఎదురవుతుంది. రెండో విషయం ఇంతకంటే లోతైనది. ఛాయాచిత్రాలలో గ్రాండ్ క్యానియన్ అనగానే గుర్తుకు వచ్చే అడ్డపొరల రంగుల గోడ మొత్తం బాట మొదటి నుంచి 500 మీటర్లు దాటిన కొద్దిసేపటికే ముగిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే శిలలు వేరే జాతివి, వాటి మధ్య రాయే లేని పొడవాటి ఖాళీలు ఉంటాయి. లోయలోని అతి పురాతన శిల 184 కోట్ల సంవత్సరాల నాటిది, అది 1,840వ మీటరు దగ్గర ఉంటుంది.

"మధ్యలో ఉండవలసిన రాయి ఏమైందండీ?" అని నా భార్య అడిగింది. అది చాలా సరైన ప్రశ్న. అతి ప్రాచీన కాలంలో ఇక్కడ పర్వతాలు లేచాయి. వాటి వేళ్లలో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన శిలలు ఏర్పడ్డాయి. తర్వాత ఆ పర్వతాలు పూర్తిగా అరిగి చదునయ్యాయి. ఆ చదును నేల మీదికి సముద్రం వచ్చి ఇసుకను పరిచింది. లోయ అడుగున చాలాచోట్ల దాదాపు 175 కోట్ల ఏళ్ల నాటి విష్ణు షిస్ట్ అనే నల్లటి శిల మీద 50 కోట్ల ఏళ్ల నాటి టపీట్స్ ఇసుకరాయి నేరుగా కూర్చుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత దగ్గర వేలు పెడితే 120 కోట్లకు పైగా సంవత్సరాలు వేలి కింద ఉన్నట్టే. భూగర్భశాస్త్రంలో దీన్ని గ్రేట్ అన్‌కన్ఫర్మిటీ అంటారు.

మరునాడు సూర్యోదయానికి ముందే, సౌత్ రిమ్ నుంచి లోయలోకి దిగే సౌత్ కైబాబ్ బాటకు బయలుదేరాము. బాట మొదలయ్యే చోటికి సొంత కార్లను అనుమతించరు. పార్కు నడిపే ఉచిత బస్సులోనే వెళ్లాలి. తెల్లవారుజామున నడకదారుల కోసమే ప్రత్యేకంగా ఒక బస్సు ఉంటుంది. ఈ బాటలో ఎక్కడా తాగునీరు దొరకదు కనుక కావలసిన నీళ్లన్నీ మోసుకుపోవాలి. నీటితోపాటు ఉప్పగా ఉండే తినుబండారాలు తప్పనిసరిగా తీసుకెళ్లమని పార్కు సంరక్షకులైన రేంజర్లు పదేపదే చెబుతారు, ఎందుకంటే ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. నీరు మాత్రమే తాగుతూ పోతే ఒంట్లో లవణం ప్రమాదకరంగా పడిపోతుంది. ఒకే పగటిలో నది వరకూ వెళ్లి తిరిగి రావద్దన్న హెచ్చరిక బోర్డుల మీద స్పష్టంగా ఉంది. మేము స్కెలిటన్ పాయింట్ వరకు, అంటే మూడు మైళ్లు వెళ్లి వెనుదిరగాలని ముందే అనుకున్నాము. వేసవిలో అయితే ఇందులో సగం దూరంలో ఉన్న సీడార్ రిడ్జ్ దాటకపోవడం మంచిది.

ఈ బాట ప్రత్యేకత ఏమిటంటే ఇది ఎక్కువగా కొండచరియ పక్కన నక్కి సాగదు, ఒక గట్టు వీపు మీదుగా లోయ మధ్యలోకి చొచ్చుకుపోతుంది. అందువల్ల నడక పొడవునా రెండు వైపులా లోయ తెరుచుకునే ఉంటుంది. మొదటి మలుపులు కైబాబ్ సున్నపురాయిలో దిగుతాయి. ఒకప్పుడు ఇది లోతులేని వెచ్చని సముద్రపు అడుగు; గవ్వలవంటి జీవుల శిలాజాలు ఇందులో దొరుకుతాయి. ఊ ఆ పాయింట్ అనే చోట తూర్పు వైపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మేము అక్కడికి చేరేసరికి ఎండ ఎదుటి గోడ పైభాగానికి మాత్రమే తగిలింది. ఆ వెలుగు ఒక్కొక్క పొరను పట్టుకుని కిందికి దిగడం చూస్తూ చాలాసేపు కూర్చున్నాము.

అక్కడి నుంచి కొకొనీనో ఇసుకరాయి మొదలవుతుంది. లేత గోధుమరంగులో నిటారుగా నిలిచే ఈ రాయి నాకు లోయ మొత్తంలో అత్యంత ప్రియమైనదైపోయింది. దగ్గరకు వెళ్లి చూస్తే దాని ముఖం మీద వాలు గీతలు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఒక కట్ట ఒకవైపు వాలితే పైన ఉన్నది మరో వాలులో దాన్ని కోసుకుంటూ పోతుంది. అవి 28 కోట్ల ఏళ్ల నాటి ఇసుకతిన్నెల వాలులు. గాలి ఇసుకను ఒకవైపు ఎక్కించి రెండోవైపు జార్చిన ప్రతిసారీ ఒక గీత పడింది. ఆ తిన్నెల మీద నడిచిన జంతువుల పాదముద్రలు కూడా ఈ రాయిలో నిలిచి ఉన్నాయి. నేటి ఎడారిలోకి దిగుతూ రాయిగా మారిన మరో ఎడారి గుండా నడుస్తున్నామన్న స్పృహ కలిగిన తర్వాత నా అడుగు దానంతట అదే నెమ్మదించింది.

దాని కింద హెర్మిట్ పొర ముదురు ఎరుపు, మెత్తటి మట్టిరాయి. సీడార్ రిడ్జ్ అనే వెడల్పాటి చదును ఈ పొర ప్రాంతంలోనే ఉంది. మనం నడిచే దుమ్ము రంగు మారిందంటే పొర మారిందని అర్థం. బూట్ల మీద తెల్లటి దుమ్ము పైన ఎర్రటి దుమ్ము పేరుకోవడం గమనించాము. సీడార్ రిడ్జ్ దాటాక సుపాయ్ పొరల మెట్లు, వాటి కింద 500 అడుగులకు పైబడి నిలువునా లేచే రెడ్‌వాల్ గోడ. ఈ గోడ సున్నపురాయి, దాని అసలు రంగు బూడిద. ఇనుప చువ్వల కిటికీ కింద గోడ మీద వానకు తుప్పు చారలు పడినట్టు, పై పొరలలోని ఇనుము వేల ఏళ్లుగా నీటితో జారి దాన్ని ఎర్రగా మార్చింది. విరిగిపడిన తాజా ముక్కను చూస్తే లోపలి బూడిదరంగు కనిపిస్తుంది.

ఈ మెట్లమెట్ల ఆకారం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే లోయ అందానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. నది నిలువుగా మాత్రమే కోస్తుంది; ఇంత వెడల్పు దాని ఒక్కదాని పని కాదు. అరుదుగానే అయినా ఉధృతంగా కురిసే వానలకు పక్కవాగులు పొంగి గోడలను కోస్తాయి. చలికాలంలో పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి బండలను విడదీస్తుంది. మెత్తటి షేల్ (మట్టిరాయి) పొరలు త్వరగా అరిగి వాలులవుతాయి, అవి అరిగేసరికి పైనున్న గట్టి సున్నపురాయి, ఇసుకరాయి ఆధారం తప్పి నిలువునా విరిగిపడి గోడలవుతాయి. వర్షాలు ఎక్కువగా పడే ప్రాంతంలో ఇదే నది ఇదే రాయిని కోసి ఉంటే వాలులన్నీ మట్టితో గుండ్రబడి అడవి కింద దాగి ఉండేవి. పొడి వాతావరణం ఉండబట్టే ప్రతి పొర తన అంచును, తన రంగును నిలుపుకుంది. నీరు చెక్కిన దాన్ని నీటి కొరత కాపాడుతున్న చోటు ఇది. ఎడారి అంటే లేమి అని తలచేవారు ఒకసారి ఈ గోడ ముందు నిలబడితే బాగుంటుంది.

దిగుతున్నకొద్దీ చెట్లూ మారాయి. పైన్లు అంచు దగ్గరే ఆగిపోయాయి. పిన్యాన్, జూనిపర్ పొట్టిచెట్లు కొంతదూరం తోడు వచ్చాయి. ఆ తర్వాత యూకా, అగేవ్, నాగజెముడు జాతులు, బూడిదరంగు పొదలు మాత్రమే మిగిలాయి. ప్రతి వెయ్యి అడుగుల దిగుడుకూ ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. 1889లో సి. హార్ట్ మెరియం ఈ లోయలోనూ, శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల మీదా వృక్షజంతు జాతులను పరిశీలించి, ఎత్తును బట్టి జీవమండలాలు మారతాయన్న సిద్ధాంతానికి పునాది వేశారు. ఉత్తరపు అంచు నుంచి నది వరకు దిగడం కెనడా నుంచి మెక్సికోకు ప్రయాణించడంతో సమానమని ఇక్కడ చెబుతారు. ఉదయం చేతి తొడుగులతో మొదలుపెట్టిన మేము స్కెలిటన్ పాయింట్ చేరేసరికి చొక్కా చేతులు మడిచి నీడ వెతుక్కుంటున్నాము.

స్కెలిటన్ పాయింట్ దగ్గర ఈ బాటలో తొలిసారిగా కొలరాడో నది కనిపిస్తుంది. రెండు వేల అడుగులకు పైగా దిగినా నది ఇంకా దాదాపు 2,700 అడుగుల కింద, నల్లటి షిస్ట్ గోడల మధ్య సన్నటి ఆకుపచ్చ పట్టీగా ఉంది. ఆ ఆకుపచ్చ రంగు అందంగా ఉన్నా అది నది సహజ వర్ణం కాదు. 1963లో ఎగువన గ్లెన్ క్యానియన్ ఆనకట్ట వెనుక జలాశయం నిండడం మొదలైనప్పటి నుంచి ఒండ్రు అక్కడే నిలిచిపోతోంది. కిందికి వదిలే నీరు తేటగా, చల్లగా వస్తుంది. పక్కవాగులు పొంగినప్పుడు మాత్రమే ఇది మళ్లీ మట్టిరంగుకు తిరుగుతుంది. 1869లో అన్వేషకుడు జాన్ వెస్లీ పవెల్ నాలుగు పడవలలో, తనతో కలిపి పది మందితో బయలుదేరి, యుద్ధంలో ఒక చేయి కోల్పోయిన మనిషి అయి ఉండి కూడా ఈ లోయను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటినప్పుడు చూసింది ఆ బురద నదినే. చివరకు బయటపడింది ఆరుగురూ రెండు పడవలూ. ముందున్న వంపు తర్వాత ఏముందో తెలియకుండా ఆ నల్లటి గోడల మధ్య నీటి మీద వెళ్లడాన్ని పైనుంచి ఊహించుకుంటేనే ఒళ్లు జలదరించింది.

మేము అక్కడ ఉండగా ఒక కాలిఫోర్నియా కాండర్ రాబందు గట్టు మీదుగా రెక్క కదపకుండా తేలిపోయింది. దాదాపు తొమ్మిదడుగుల ఆ రెక్కల మీది అంకె బిళ్ల కూడా కనిపించింది. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో 22 మాత్రమే మిగిలిన జాతి ఇది. బంధించి పెంచిన పక్షులను 1996 నుంచి అరిజోనాలో వదులుతూ వచ్చారు.

దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందన్న పార్కువారి లెక్క అక్షరాలా నిజం. దిగుతూ అన్నీ చూసి ఉండడం వల్ల ఎక్కేటప్పుడు పొరలే మాకు మైలురాళ్లయ్యాయి. మధ్యలో కంచరగాడిదల వరుస ఎదురైతే లోయ అంచు వైపు కాకుండా కొండ వైపు ఒదిగి, వాటిని నడిపించే మనిషి చెప్పేదాకా కదలకుండా నిలబడ్డాము.

ఆ సాయంత్రం బస్సులో హోపి పాయింట్‌కు వెళ్లాము. పడమటి ఎండలో విడిగా నిలిచిన శిఖరాలు ఒక్కొక్కటిగా గోడ నుంచి వేరుపడ్డాయి. వాటిలో చదునైన తలతో ఉన్న పెద్దది శివ టెంపుల్. 19వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని పరిశీలించిన భూగర్భశాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ తూర్పు దేశాల దేవాలయాలను తలచుకుని శివ టెంపుల్, విష్ణు టెంపుల్ వంటి పేర్లు పెట్టారు. శివ టెంపుల్ తల మీద మిగిలిన అడవి అంచు నుంచి పూర్తిగా వేరుపడి ఉండడంతో, అక్కడి చిన్న జంతువులు వేరే దారిలో మారి ఉంటాయేమోనని 1937లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ బృందం ఒకటి దాన్ని ఎక్కి చూసింది. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లోయ మాత్రం జీవులను విడదీయకపోలేదు. తెల్లటి తోక ఉన్న కైబాబ్ ఉడుత ఉత్తరపు అంచున మాత్రమే ఉంటుంది, దాని దగ్గరి బంధువు దక్షిణపు అంచున ఉంటుంది.

తిరుగు ప్రయాణాన్ని తూర్పున డెజర్ట్ వ్యూ మీదుగా పెట్టుకున్నాము. దారిలోని లిపాన్ పాయింట్ నుంచి అడుగున వాలిపోయి ఉన్న ఎర్రటి, నల్లటి పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. పైనున్న అడ్డపొరలు వాటి కొనలను కోసేసినట్టు చదునుగా సాగుతాయి. మొదటి రోజున నా భార్య అడిగిన ప్రశ్నకు ఇది సగం జవాబు. చాలాచోట్ల పూర్తిగా అరిగిపోయిన ఆ మధ్యకాలపు శిలలు ఇక్కడ ఒక పక్కకు వాలి కుంగడం వల్ల కొంత మిగిలాయి. నేను చూపించేలోగా తనే వాటిని గుర్తుపట్టింది.

డెజర్ట్ వ్యూ దగ్గర 1932లో వాస్తుశిల్పి మేరీ కోల్టర్ రూపొందించిన 70 అడుగుల రాతి బురుజు ఉంది. లోపలి గోడల మీద హోపి చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన చిత్రాలు తీరిక చేసుకుని చూడదగ్గవి. ఈ లోయతో తరతరాల సంబంధం ఉన్న ఆదివాసీ జాతులు పదకొండు. 1919లో ఇది జాతీయ పార్కు అయిన తర్వాత హవసుపాయ్ ప్రజలు లోయలోని తమ తోటలను వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ చోటుకు 2022లో అధికారికంగా హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు పెట్టారు. ఇంతటి ప్రకృతి దృశ్యాన్ని మనుషులే లేని చోటుగా చూడడం సరికాదు. అంచు మీద నిలబడే ప్రతి సందర్శకుడికీ ఈ సంగతి తెలిసి ఉండాలని నేను కోరుకుంటున్నాను.

లోయ అడుగున, నదికి దగ్గరలో ఉన్న ఫాంటమ్ రాంచ్ వసతిగృహంలో బస చేయాలంటే పదిహేను నెలల ముందే లాటరీలో పేరు ఇవ్వాలి. తిరిగి రాగానే మేము ఇచ్చాము. వస్తే సౌత్ కైబాబ్ మీదుగా దిగి, నీళ్లు దొరికే బ్రైట్ ఏంజెల్ బాట మీదుగా హవసుపాయ్ గార్డెన్స్‌లో ఆగుతూ ఎక్కి రావాలని అనుకుంటున్నాము. రేంజర్లు సాధారణంగా సూచించే దారి కూడా అదే. రాకపోతే మరుసటి నెల లాటరీకి మళ్లీ పేరు ఇస్తాము.